పిల్లల ప్రతిభ – పెద్దల ఆరాటం

ఈ సంచికలో పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ఒక పాఠాన్ని మీ ముందు ఉంచుతున్నాము. ఇది జ్వరం గురించి కాదు, టీకాల గురించి కాదు. మన ఇళ్లలో ప్రేమతోనే జరిగే ఒక పని గురించి.

ఇంటికి చుట్టాలు వస్తారు. కాఫీ గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు. "మా చిన్నది పాట ఎంత బాగా పాడుతుందో! రామ్మా, మామయ్యకు ఒకసారి పాడి వినిపించు" అంటాము. పిల్ల తల్లి కొంగు చాటుకు వెళుతుంది. "నిన్న పాడావు కదే, ఇప్పుడేం సిగ్గు?" అని చెయ్యి పట్టి ముందుకు లాగుతాము. పాడితే చప్పట్లు. పాడకపోతే "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని అందరూ నవ్వుతారు. స్కూలు వార్షికోత్సవంలో, క్రిస్మస్ ప్రోగ్రాములో, పెండ్లి పందిరిలో, ఇప్పుడు సెల్‌ఫోను కెమెరా ముందు కూడా జరిగేది ఇదే.

పిల్లలు పాడకూడదని, ఆడకూడదని, స్టేజి ఎక్కకూడదని మేము చెప్పడం లేదు. మేము చెప్పేది ఒక్కటే. పిల్లలకు ఉన్న ప్రతిభ పిల్లలదే. అది వారి ఇష్టంతో బయటికి వస్తే వారికి ధైర్యం పెరుగుతుంది. మన గొప్ప కోసం బలవంతంగా బయటికి తీస్తే, నోరు తెరిచి "వద్దు" అని చెప్పలేని బిడ్డకు బదులు వాడి శరీరం ఆ మాట చెబుతుంది. ఆ మాటను మనం వినడం నేర్చుకోవాలి.

భయపడినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది?

మనకు భయం వేసినప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి విడుదల చేస్తాయి. ఇది మనలను అపాయం నుండి తప్పించుకోవడానికి సిద్ధం చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. రక్తం పెద్ద కండరాలవైపు ఎక్కువగా ప్రవహించి, జీర్ణాశయానికి, చర్మానికి తగ్గుతుంది. అందుకే చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పినట్లు ఉంటుంది. నోరు ఎండిపోతుంది. మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది.

నలుగురి కళ్లు తనమీద పడినప్పుడు కూడా పిల్లవాడి శరీరంలో ఇదే జరుగుతుంది. ఇంట్లో గడగడా అప్పజెప్పిన పద్యం స్టేజి మీద మరిచిపోవడం మొండితనం కాదు. భయంలో ఉన్న మెదడు నేర్చుకున్నదాన్ని వెదికి తీయలేదు. గొంతు వణకడం ఎంత ప్రయత్నించినా వాడి చేతిలో ఉండదు. ఆ సమయంలో "పాడు, పాడు, అందరూ చూస్తున్నారు" అని తొందరపెడితే భయం ఇంకా పెరుగుతుంది గాని తగ్గదు.

కొంచెం బెదురు అందరికీ ఉంటుంది, అది మంచిదే. ఇష్టపడి స్టేజి ఎక్కిన పిల్లవాడికి ఒకటి రెండు నిమిషాలలో అది సర్దుకుంటుంది. దిగిన తరువాత ముఖం వెలుగుతుంది, "మళ్లీ ఎప్పుడు?" అని అడుగుతాడు. బలవంతంగా ఎక్కినవాడు దిగి వచ్చి దాక్కుంటాడు. ఈ తేడా తల్లిదండ్రులు గమనించగలరు.

ఏ వయసులో ఎలా ఉంటారు?

1. ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డకు కొత్త ముఖాలను చూసి ఏడవడం సహజం. తల్లిని గుర్తుపట్టే తెలివి వచ్చిందనడానికి అది గుర్తు. ఆ వయసు బిడ్డను చేతులు మార్చుతూ "టాటా చెప్పు, ముద్దు పెట్టు" అని విసిగించవద్దు.

2. మూడు నుండి ఐదు సంవత్సరాల పిల్లలు చాలామంది తమంతట తామే ఆడతారు, పాడతారు. అది ఆట. అడిగినప్పుడు చేయకపోవడం కూడా ఆ ఆటలో భాగమే.

3. ఏడెనిమిది సంవత్సరాలకు పిల్లలు తమను ఇతరులతో పోల్చుకోవడం మొదలుపెడతారు. నిన్నటిదాకా ఎగిరి గంతులేసిన పాప ఈ వయసులో ఒక్కసారిగా సిగ్గుపడవచ్చు. ఆమె చెడిపోలేదు, ఎదిగింది.

4. పది నుండి పద్నాలుగు సంవత్సరాల పిల్లలకు శరీరం మారుతుంది. మగపిల్లలకు గొంతు మారుతుంది. అందరూ తననే చూస్తున్నారనిపించే వయసు ఇది. ఈ వయసు పిల్లలను వెక్కిరిస్తే ఆ మాట చాలాకాలం మనసులో ఉండిపోతుంది.

వీటితోపాటు పుట్టుకతోనే నెమ్మదిగా, వెనుకాడే స్వభావం గల పిల్లలు కొందరు ఉంటారు. వారు ముందు చూస్తారు, వింటారు, తరువాతే కలుస్తారు. అది జబ్బు కాదు.

మా వార్డులో కనిపించేది

మా పిల్లల వార్డుకు పరీక్షల నెలలలోను, పోటీల రోజులలోను, డిసెంబరులోను కొన్ని కడుపునొప్పులు వస్తుంటాయి. నొప్పి నిజమే, పిల్లవాడు అబద్ధం ఆడడం లేదు. రక్తం, మూత్రం పరీక్షలు చేస్తాము, స్కానింగు తీస్తాము. అన్నీ బాగానే ఉంటాయి. నులిపురుగుల మందు అప్పటికే రెండుసార్లు వేసి ఉంటారు.

ఇలాగే ఎనిమిదేళ్ల బాబు ఒకడు కొద్ది నెలలలో మూడుసార్లు చేరాడు. తల్లిదండ్రులు పక్కన ఉన్నంతసేపు "కడుపులో నొప్పి" తప్ప ఏమీ చెప్పేవాడు కాదు. రాత్రి డ్యూటీ సిస్టరు మంచం పక్కన కూర్చుని "నొప్పి ఎప్పుడు వస్తుంది?" అని అడగలేదు. "ఏ రోజున అసలు రాదు నాన్నా?" అని అడిగింది. వాడు వేళ్లు లెక్కపెట్టి, "శనివారం రాత్రి వస్తుంది. ఆదివారం ఆరాధన అయిపోయాక పోతుంది. మళ్లీ శనివారం దాకా రాదు" అన్నాడు. ప్రతి ఆదివారం వాడు మైకు ముందు ఒంటరిగా పాట పాడాలి. గొంతు మంచిది, అందరూ మెచ్చుకుంటారు. అందుకే ఎవరూ వాడిని ఆపి "నీకిష్టమేనా?" అని అడగలేదు.

ఈ సంగతి డాక్టరు గారు చెప్పినప్పుడు తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. "మమ్మల్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదమ్మా. వీడు పాడటం మొదలుపెట్టాక 'ఫలానా బాబు వాళ్ల అమ్మ' అని ముందు వరుసలో కూర్చోబెడుతున్నారు" అంది. ఆ మాట విన్నాక ఆమెను తప్పుపట్టడం మా వల్ల కాలేదు. కాని ఇంటి గౌరవమంతా ఎనిమిదేళ్ల వాడి గొంతు మీద పెట్టాము. అంత బరువు ఆ గొంతు మోయగలదా?

డాక్టరు గారి సలహాపై బాబు ఒంటరి పాట మానేశాడు. కొంతకాలం తరువాత తానే వెళ్లి సండే స్కూలు పిల్లల గుంపులో వెనుక వరుసలో నిలబడ్డాడు. ఆ కడుపునొప్పితో మళ్లీ ఆసుపత్రికి రాలేదు.

బహుమతి ఇష్టాన్ని తినేస్తుందా?

"బహుమతి ఇస్తామంటే ఉత్సాహంగా చేస్తారు కదా" అని చాలామంది అడుగుతారు. దీనిపై 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే 3 నుండి 5 సంవత్సరాల బాలబడి పిల్లలను తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్టు ఇస్తాము" అని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా తరువాత ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత, బహుమతి ఊసు లేనప్పుడు చూస్తే, ముందే బహుమతి ఆశ పెట్టిన పిల్లలు మిగతావారితో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు వేశారు. వారికి అంతకుముందు అది ఆట. బహుమతి ఆశ పెట్టాక అది పని అయింది.

పొగడ్త విషయం కూడా ఇంతే. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు అయిదవ తరగతి పిల్లలతో చేసిన పరిశోధనలో, "నువ్వు చాలా తెలివైనవాడివి" అని పొగిడిన పిల్లలు తరువాత ఎక్కువగా తేలికైనవాటినే ఎంచుకున్నారు. ఒకసారి తప్పాక త్వరగా నిరాశపడ్డారు. "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవాటినీ ప్రయత్నించారు. గొప్పవాడివి అనే పేరు ఒకసారి వచ్చాక, ఆ పేరు పోతుందేమోనన్న భయం కూడా వెంటనే వస్తుంది. కనుక "నీ అంత బాగా ఎవరూ పాడలేరు" అనడం కంటే, "ఆ రెండో చరణం నిన్నటికంటే స్పష్టంగా పలికావు" అనడం మేలు.

ఇద్దరు పిల్లలు

మనకు పొరుగున ఉన్న ఒడిశాలో 2006 మే 2న బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుడు పూరీ నుండి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు 7 గంటల 2 నిమిషాలలో పరుగెత్తాడు. అది మే నెల. దేశమంతా ఆశ్చర్యపడింది. కాని అనుకున్న దూరం పూర్తి కాకముందే ఆ పసివాడు కుప్పకూలాడు. తరువాత ప్రభుత్వం వైద్య పరీక్షలు చేయించగా పోషకాహార లోపం, రక్తహీనత, గుండె మీద ఒత్తిడి ఉన్నట్లు డాక్టర్లు చెప్పారు. ప్రభుత్వం అట్టి దూర పరుగులను ఆపివేయించింది. బుధియా చాలా పేద బిడ్డ. అతనిని చేరదీసి అన్నం పెట్టింది కూడా ఆ పరుగులు పెట్టించిన శిక్షకుడే. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. పిల్లవాడి మీద ప్రేమ ఉన్నవారు కూడా, జనం చూస్తున్నప్పుడు ఎక్కడ ఆపాలో మరిచిపోగలరు.

రెండవ బాలుడు మన తెలుగువాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ గారు కూడా వాద్యకారులే. ఆరేళ్ల వయసులో తండ్రి మాండలిన్‌ను శ్రీనివాస్ తానే చేతబట్టాడు. తండ్రి ఆ ఇష్టాన్ని గమనించి నేర్పించారు, తరువాత గురువు దగ్గర పెట్టారు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ జరిగింది. ఆయనే లోకమంతటా పేరు పొందిన మాండలిన్ శ్రీనివాస్. 2014లో మరణించారు.

ఇద్దరూ చిన్న వయసులోనే జనం ముందుకు వచ్చినవారే. కాని శ్రీనివాస్ విషయంలో వరుస చూడండి. ముందు పిల్లవాడి ఇష్టం, తరువాత నేర్చుకోవడం, ఆ తరువాత వేదిక. మన ఇళ్లలో చాలాసార్లు ఈ వరుస తిరగబడుతుంది. ముందు వేదిక ఖాయం చేసి, తరువాత నేర్పించి, ఇష్టం దానంతటదే వస్తుందిలే అనుకుంటాము.

టీవీ, సెల్‌ఫోను సంగతి

టీవీలో పిల్లల పాటల పోటీలు, డాన్సు పోటీలు మనమందరం చూస్తాము. సినిమాలలో పెద్దవారు చేసే డాన్సులను పిల్లలచేత అసభ్యంగా చేయించవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ టీవీ ఛానళ్లకు సూచన ఇచ్చింది. వీధి పండుగలలో, పెండ్లి సంగీత్‌లలో మనం చేయించేవాటికి కూడా ఈ కొలత పెట్టుకుంటే మంచిది.

టీవీ, సినిమా, డబ్బు తీసుకునే కార్యక్రమాలలో పిల్లలు పాల్గొనడానికి చట్టంలో హద్దులు ఉన్నాయి. బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది. 2017 నాటి నిబంధనల ప్రకారం:

– కార్యక్రమం జరిపేవారు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.
– పిల్లలను రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు.
– వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు.
– చదువు ఆగకుండా చూడాలి.
– వచ్చిన సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.
– పిల్లల ఇష్టానికి విరుద్ధంగా పాల్గొనేలా చేయకూడదు.

చివరి నిబంధన మరొకసారి చదవండి. పెద్ద పెద్ద స్టూడియోలకు కూడా చట్టం పెట్టిన హద్దు అది. మన ఇంటి హాలులో ఆ హద్దు ఎందుకు ఉండకూడదు?

సెల్‌ఫోను వీడియోల విషయంలో కూడా ముందు అడగండి. "ఇది తీయనా? అందరికీ పంపనా?" అన్నవి రెండు వేరు ప్రశ్నలు. తీయడానికి ఒప్పుకున్న పాప పంపడానికి ఒప్పుకోకపోవచ్చు. ఒకసారి పది మంది ఫోన్లలోకి వెళ్లిన వీడియోను తిరిగి తెచ్చుకోలేము. ఇంట్లో ఏడుస్తూనో, తప్పు పాడుతూనో ఉన్న వీడియో మనకు ముద్దుగా ఉంటుంది. పన్నెండేళ్లకు అదే పాపను క్లాసులో ఆ వీడియోతో ఏడిపిస్తారు.

ఇంట్లో పాటించవలసినవి

1. అందరి ముందు అడగవద్దు. చుట్టాలు రాకముందే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నలుగురి ముందు అడిగితే "వద్దు" అనడానికి దారి ఉండదు.

2. "వద్దు" అంటే అక్కడితో ఆపండి. బ్రతిమాలడం, లంచం ఇవ్వడం, "అక్క చూడు ఎంత బాగా చేస్తుందో" అని పోల్చడం వద్దు.

3. చుట్టాలు పట్టుపడితే మీరే అడ్డు నిలవండి. "వాడికి బుద్ధి పుట్టినప్పుడు పాడతాడులే అత్తయ్యా, ముందు మీరు భోజనానికి లేవండి" అంటే చాలు. ఎవరూ నొచ్చుకోరు. తన తరఫున అమ్మ మాట్లాడిందని బిడ్డ జ్ఞాపకం ఉంచుకుంటాడు.

4. మనమే చుట్టాలుగా వెళ్లినప్పుడు "ఏదీ, ఒక పాట పాడు" అని అడగకుండా, "ఈమధ్య ఏం ఆడుకుంటున్నావు?" అని అడుగుదాము.

5. సిగ్గుపడే పిల్లలకు చిన్న మెట్లు వేయండి. ముందు అమ్మ దగ్గర, తరువాత తాతయ్య దగ్గర, తరువాత ఇద్దరు స్నేహితులతో కలిసి, తరువాత గుంపులో. ఒక్కొక్క మెట్టు దగ్గర వాడు స్థిరపడేవరకు ఆగండి.

6. సండే స్కూలు టీచర్లకు, క్రిస్మస్ ప్రోగ్రాము నడిపించేవారికి మా మనవి. పేర్లు తల్లిదండ్రులను కాక పిల్లలను అడిగి రాయండి. మాట్లాడే పాత్ర వద్దన్న పిల్లలకు తెర లాగే పని, నక్షత్రం పట్టుకునే పని, దుస్తులు సర్దే పని ఇవ్వండి. వారు కూడా ప్రోగ్రాములో ఉన్నవారే.

7. కార్యక్రమం రోజున కడుపు ఖాళీగా పంపవద్దు. ఇడ్లీ, అరటిపండు వంటి తేలికపాటి ఆహారం, మంచినీళ్లు ఇవ్వండి. మూత్రానికి పంపించి, నాలుగు నిదానమైన ఊపిరులు తీయించండి. స్టేజి దిగగానే ముందు దగ్గరకు తీసుకోండి. తప్పులు చెప్పడానికి మరునాడు ఉంది.

8. పాడే పిల్లల గొంతు, ఆడే పిల్లల కాళ్లు జాగ్రత్త. గొంతు బొంగురుపోయి ఉంటే పాడించవద్దు. ఎనిమిది నుండి పద్నాలుగేళ్ల మధ్య ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. సిమెంటు నేల మీద గంటల తరబడి అడుగులు వేయిస్తే మడమల నొప్పి వస్తుంది. నొప్పి ఉంటే విశ్రాంతి ఇవ్వాలి గాని "అలవాటవుతుంది" అనకూడదు.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

– కడుపునొప్పితోపాటు జ్వరం, పచ్చని వాంతి, వాంతిలో గాని మలంలో గాని రక్తం, బరువు తగ్గడం ఉన్నా, నొప్పి నిద్రలోనుండి లేపుతున్నా అది భయం వల్లనే అని ఇంట్లో తీర్మానించవద్దు. వెంటనే తీసుకురండి.
– ఇంట్లో బాగా మాట్లాడుతూ, బడిలో నెల దాటినా ఒక్క మాట మాట్లాడకపోతే చూపించండి. దీనికి చికిత్స ఉంది. బలవంతంగా మాట్లాడించడం మాత్రం చికిత్స కాదు.
– నత్తి ఉన్న పిల్లలను "సరిగా చెప్పు" అని స్టేజి మీద నిలబెట్టవద్దు. నత్తి తగ్గకుండా నెలల తరబడి ఉంటే స్పీచ్ థెరపీ చేయించండి.
– గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఎక్కువ అరిచి పాడే పిల్లలకు స్వరతంతువులపై చిన్న బుడిపెలు రావచ్చు.
– ఆరు నెలలకు పైగా పక్క తడపడం మానిన బిడ్డ మళ్లీ మొదలుపెట్టినా, నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన ఆటలు కూడా మానేసినా నిర్లక్ష్యం చేయవద్దు.
– "నేను చచ్చిపోతే బాగుండు" వంటి మాట ఏ వయసు పిల్లల నోట విన్నా ఆ రోజే సహాయం తీసుకోండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, పిల్లల సహాయ నంబరు 1098. రెండూ ఉచితం.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

ఈ పాఠాన్ని తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని చదవమని కోరుతున్నాము. చదివిన తరువాత ఈ ప్రశ్నలు పిల్లలను అడగండి. జవాబు వచ్చేవరకు ఆగండి, మధ్యలో సర్దిచెప్పవద్దు.

1. నీకు ఎవరూ చూడనప్పుడు చేయడం ఇష్టమైన పని ఏది?
2. అందరి ముందు చేయమని మేము అడిగినప్పుడు నీకు ఎలా ఉంటుంది?
3. నీకు ఇష్టం లేదని మాకు చెప్పడానికి ఒక గుర్తు పెట్టుకుందామా? చెవి పట్టుకోవడమో, చెయ్యి నొక్కడమో, ఏదైనా సరే.

మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. ఈసారి చుట్టాలు వచ్చినప్పుడు మీ పాప మీ చెయ్యి నొక్కితే, ఆ రోజుకు పాట లేదు. మళ్లీ ఎప్పుడో వంటింట్లో మీరు చిక్కుడుకాయలు తరుగుతుండగా పక్కన కూర్చుని దానంతటది పాడుకుంటుంది. అప్పుడు ఫోను కోసం లేవకండి. చేస్తున్న పని చేసుకుంటూ వినండి.